బైండింగు కుర్రాడు మైకేల్ ఫారడే

దార్సైట్‌లో ఎండాకాలం రాత్రి ఏసీ లేకుండా నిద్ర పట్టదని వేరే చెప్పక్కర్లేదు. ఆ కరెంటు ఎలా పుడుతుందో ఆలోచించే తీరిక మనలో చాలామందికి ఉండదు. నాకూ ఉండేది కాదు. పన్నెండో తరగతి చదువుతున్న మా అబ్బాయి విద్యుదయస్కాంత ప్రేరణ పాఠం దగ్గర ఆగిపోయాడు. సూత్రం కంఠతా వచ్చు, అర్థం మాత్రం కాలేదు. లెక్కలు రానివాడికి ఫిజిక్సు ఎందుకని దిగులు పడిపోయాడు. ఆ రాత్రి పుస్తకం మూసేసి వాడికి మైకేల్ ఫారడే కథ చెప్పాను.

ఫారడే 1791 సెప్టెంబరు 22న లండన్ దగ్గర ఒక పేద కమ్మరి ఇంట పుట్టాడు. చదవడం, రాయడం, కాస్త కూడికలు తీసివేతలు, అంతే ఆయన బడి చదువు. పద్నాలుగో ఏట రీబో అనే బైండరు దగ్గర పనిలో చేరి ఏడేళ్ళు పుస్తకాలు కుట్టాడు. కుట్టిన పుస్తకాలను చదివాడు కూడా. బ్రిటానికా విజ్ఞాన సర్వస్వంలోని విద్యుత్తు వ్యాసం ఆయన చేతికి అలా వచ్చిందే.

1812లో దుకాణానికి వచ్చే ఒకాయన ఇచ్చిన టికెట్లతో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు విన్నాడు. ఆ నోట్సును తన చేత్తోనే బైండు చేసి డేవీకి పంపాడు. 1813 మార్చిలో అక్కడే సహాయకుడిగా ఉద్యోగం వచ్చింది. డేవీ దంపతులతో యూరప్ వెళ్ళినప్పుడు ఆ ఇల్లాలు ఆయన్ని నౌకరులాగే చూసింది. ఆ అవమానం దిగమింగుకుని పని నేర్చుకున్నాడు.

కరెంటు ప్రవహిస్తే అయస్కాంత సూది కదులుతుందని 1820లో ఓర్‌స్టెడ్ కనిపెట్టాడు. మరి అయస్కాంతంతో కరెంటు పుట్టించలేమా? ఈ ప్రశ్న ఫారడేని ఏళ్ళ తరబడి వదల్లేదు. మధ్యలో చేసిన ప్రయత్నాలు ఫలించలేదు. చివరికి 1831 ఆగస్టు 29న ఒక ఇనుప కడియానికి రెండు వైపులా రాగి తీగలు చుట్టాడు. ఒక తీగను బ్యాటరీకి కలపగానే రెండో తీగ దగ్గరున్న సూది ఒక్కసారి ఊగి మళ్ళీ నిలిచిపోయింది. బ్యాటరీ తీసేయగానే ఎదురు వైపుకి ఊగింది. మధ్యలో కరెంటు నిలకడగా పారుతున్నంతసేపూ సూదిలో చలనం లేదు. అంతవరకూ అందరూ నిలకడగా ఉండే ఫలితం కోసమే వెతికారు. అసలు రహస్యం మార్పులో ఉంది.

ఇది మాటల్లో చెబితే మావాడికి ఎక్కలేదు. పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతం, అట్టగొట్టానికి చుట్టిన రాగి తీగ, ఒక మల్టీమీటరు తెచ్చి బల్ల మీద పెట్టాం. అయస్కాంతాన్ని తీగచుట్ట దగ్గర కదలకుండా ఉంచితే మీటరులో సున్నా. చటుక్కున దగ్గరకు తెస్తే అంకె మారింది. వెనక్కి లాగితే ముందు మైనస్ గుర్తు వచ్చింది. వేగం పెంచితే అంకె పెరిగింది. సూత్రంలో ఉన్నది ఇదే కదా అని వాడే అన్నాడు.

అదే ఏడాది అక్టోబరు 28న ఫారడే అయస్కాంత ధ్రువాల మధ్య రాగి పళ్ళెం తిప్పి నిలకడైన కరెంటు పుట్టించాడు. శ్రీశైలంలో కృష్ణ నీటితో తిరిగే జనరేటరైనా, ఒమన్‌లో సహజవాయువుతో తిరిగేదైనా పనిచేసేది ఆ సూత్రం మీదే.

ఇంత చేసినా ఫారడేకి గణితం రాలేదు. అయస్కాంతం చుట్టూ బలరేఖలు ఉన్నాయని ఊహించి బొమ్మలు గీశాడు. ఆ ఊహను సమీకరణాలుగా మార్చినవాడు మాక్స్‌వెల్. నైట్ బిరుదు, రాయల్ సొసైటీ అధ్యక్ష పదవి రెండూ వద్దన్న ఫారడే, 1825లో మొదలైన క్రిస్మస్ ఉపన్యాసాల్లో పిల్లలకు సైన్సు చెప్పడం మాత్రం దాదాపు వృద్ధాప్యం దాకా మానలేదు. 1867 ఆగస్టు 25న కన్నుమూశాడు.

మా అబ్బాయికి లెక్కలంటే భయం ఇంకా పూర్తిగా పోలేదు. కానీ ముందు బొమ్మ గీసుకుని, తర్వాతే సూత్రం రాస్తున్నాడు. ఆ తీగచుట్ట ఇప్పటికీ వాడి బల్ల మీదే ఉంది.