బూజుకు పెట్టిన పేరు

బెంగళూరువాసులు టాటా ఇన్‌స్టిట్యూట్ అని పిలిచే భారతీయ విజ్ఞాన సంస్థ శాస్త్రజ్ఞులు, యూ చెట్టు లోపల కాపురముండే ఒక శిలీంధ్రం టాక్సాల్ అనే కేన్సర్ మందును తయారుచేస్తున్నదని 2008లో ప్రకటించారు. ఆ శిలీంధ్రం పేరు ఫ్యుజేరియం సొలానీ. బూజులలో, సూక్ష్మజీవులలో మందును వెతికే ఈ విద్యకు తొలినాళ్లలో బాట వేసినవారిలో ఒక తెలుగువాడున్నాడు. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12న భీమవరంలో జన్మించిన సుబ్బారావు మెట్రిక్యులేషన్ గట్టెక్కింది మూడవ ప్రయత్నంలో. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో బయటపడ్డారు. సోదరులను స్ప్రూ వ్యాధి బలిగొన్నది. ఆ వ్యాధి ఆయననూ పట్టి పీడించింది. 1923లో భార్యను విడిచి అమెరికా వెళ్లినవారు మరల స్వదేశం చూడలేదు.

హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి చేసిన పరిశోధనలు జీవరసాయన గ్రంథాలకెక్కినా, అక్కడ స్థిరమైన కొలువు దక్కలేదు. 1940లో లెడర్లీ సంస్థలో చేరారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగులకు అది సంజీవని అయింది.

రక్తకేన్సర్ పిల్లలకు ఇస్తే మాత్రం అదే ఆమ్లం రోగాన్ని ఎగదోసినట్లు బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్‌కు తోచింది. కణం చీలి రెండు కావడానికి ఫోలిక్ ఆమ్లం కావాలి. దానిని పోలిన నకిలీని అందిస్తే కేన్సర్ కణం మోసపోయి, పెరుగుదల ఆగిపోవలెను గదా! సుబ్బారావు బృందం ఆ నకిలీని తయారుచేసి పంపింది. అదే అమినోప్టెరిన్. 16 మంది పిల్లలలో 10 మందికి తాత్కాలికంగా ఉపశమనం కలిగిందని ఫార్బర్ 1948 జూన్‌లో ప్రచురించాడు. తాత్కాలికమే అయినా, అంతవరకు ఆ మాటకైనా నోచుకోని రోగమది. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉన్నది.

ఈ మందు బూజు నుంచి పుట్టినది కాదు. బూజుల మార్గంలో లెడర్లీకి దక్కినది ఆరియోమైసిన్. ఆయన పరిశోధనాధిపత్యంలో డగ్గర్ దానిని మట్టిలోని జీవి నుంచి కనుగొన్నాడు. నాడు బూజు జాతిగా తలచిన ఆ జీవిని నేడు బాక్టీరియాగా లెక్కిస్తున్నారు.

1948 ఆగస్టులో, 53వ ఏట, సుబ్బారావు న్యూయార్క్‌లో నిద్రలోనే కన్నుమూశారు. ఫార్బర్ ప్రకటన వెలువడి అప్పటికి రెండు నెలలు. ఆయన మందులలో ఏదీ ఆయన పేరు ధరించలేదు. 1953లో హెసెల్టైన్ అనే శిలీంధ్ర శాస్త్రజ్ఞుడు, మురుగునీటిని శుద్ధిచేసే వడపోత మడులలో దొరికిన ఒక కొత్త బూజుకు సుబ్బారోమైసిస్ స్ప్లెండెన్స్ అని నామకరణం చేశాడు.