సర్ థామస్ మన్రో - పాఠశాలాగణనము

మన్రో పేరు వినగానే రైతువారీ పద్ధతి స్ఫురించును. పండితలోకము స్మరింపవలసిన కార్యము వేరొకటి కలదు.

క్రీ.శ. 1761లో గ్లాస్గో నగరమున జన్మించిన ఈయన 1780లో కంపెనీ సైనికుడై చెన్నపట్టణమునకు వచ్చెను. బారామహలు, కెనరా సీమలలో శిస్తు నిర్ణయపు పని చేసెను. 1800లో నిజాము కడప, బళ్లారి మొదలగు సీమలను కంపెనీకి ఇచ్చివేయగా, ఆ దత్తమండలమునకు ప్రధాన కలెక్టరై, 1807 వరకు పాళెగాండ్రను అణచి, భూములు కొలిపించెను. 1820లో మదరాసు గవర్నరయ్యెను.

1822 జూను 25న ప్రతి జిల్లాలోని పాఠశాలలను, విద్యార్థులను లెక్కింపవలెనని ఆయన సంకల్పించెను. అన్యాక్రాంతమైన పాఠశాలల ద్రవ్యమును తిరిగి ఇప్పింపవలెననియు నాడే భావించెను. బమ్మెర, పాలకుర్తి గ్రామములు గల జనగామ సీమయు, మహబూబాబాదు, భూపాలపల్లి సీమలును నిజాము ఏలుబడిలో ఉండుటచే ఆ గణనకు అందలేదు. మనకది తీరని లోటు.

రాజమహేంద్రవరము జిల్లాలో వేదశాస్త్రములు బోధించు విద్యాలయములు 279, విద్యార్థులు 1,454 మంది అని తేలెను. గురువులలో 69 మందికి మాన్యములు, 13 మందికి రొక్కపు వర్షాశనములు కలవు; అవి పూర్వపు జమీందారుల దానములు. బళ్లారి కలెక్టరు కాంబెల్, 1816లో తెలుగు వ్యాకరణము ప్రకటించిన విద్వాంసుడే, 1823లో పంపిన సమాధానము మరింత బాధాకరము. 533 బడులలో ఒక్కదానికైనను ప్రభుత్వసహాయము లేదు. సీమబట్టల రాకచే నేతపని క్షీణించి, ప్రజలు పేదలగుటయు విద్యాక్షయమునకు హేతువని ఆయన వ్రాసెను. మన్రో ఏడేండ్లు స్వయముగా శిస్తు వసూలు చేయించిన సీమ అదియే!

మొత్తము లెక్క 1826 మార్చి 10 నాటికి సిద్ధమయ్యెను: పాఠశాలలు 12,498, విద్యార్థులు 1,88,000కు పైబడి. ఇండ్లలో చదువుకొనువారు ఇందు చేరలేదు. ఒక్క చెన్నపట్టణముననే అట్టివారు 26,963 మంది. వారినిగూడ తలచి, మగపిల్లలలో ఇంచుమించు మూడవవంతు చదువుకొనుచున్నారని మన్రో ఊహించెను. పాఠశాలలు లేని దేశమను వాదమునకు గవర్నరే స్వయముగా ఇచ్చిన సమాధానమిది.

అయినను ఆయన ప్రతిపాదించినవి జిల్లాకు రెండు, తాలూకాకు ఒకటి చొప్పున కొత్త బడులు. మాన్యములు కోల్పోయిన ఘనాపాఠీకి, తార్కికునకు వానివలన ఒరిగినది లేదు. 1822 నాటి భావమును ఆయన ఇచట విడిచెనని చెప్పక తప్పదు.

స్వదేశమునకు మరలుటకు ముందు దత్తమండలమును చూడవచ్చి, 1827 జూలై 6న పత్తికొండలో విషూచివ్యాధిచే మరణించెను. మంత్రాలయమున రాఘవేంద్రస్వామి ఆయనకు దర్శనమిచ్చిరను ఐతిహ్యము నేటికిని వినబడుచున్నది. ఆయన తలపెట్టిన తాలూకా బడులు 1836లో ఎత్తివేయబడెను.