తాటిపండు నైవేద్యం, పన్నెండేళ్ల చెర



వచ్చే సెలవు రోజున పిల్లలను భద్రాచలం తీసుకెళ్లాలని అనుకుంటున్నారా? అయితే ఈసారి దర్శనం క్యూ గురించీ, తిరుగు ప్రయాణం టైము గురించీ కంగారు కాస్త తగ్గించుకుని, దారి పొడవునా పిల్లలకు చెప్పడానికి ఒక మనిషి కథ వెంట తీసుకెళ్లండి. ఆయన మీకు కొత్తవాడు కాదు. 1964లో నాగయ్య గారి సినిమాలో మీ పెద్దవాళ్లు చూశారు, 2006లో నాగార్జున సినిమాలో మీరు చూశారు. ఆయనే భక్త రామదాసు. అసలు పేరు కంచెర్ల గోపన్న.

గుడి కట్టించాడు, చెరసాలకు వెళ్లాడు, రాముడు వచ్చి విడిపించాడు. ఈ మూడు ముక్కలూ పిల్లలకు తెలిసే ఉంటాయి. వాటి మధ్యలో ఉన్న చిన్న చిన్న సంగతులనే మనం చెప్పకుండా వదిలేస్తున్నాం. ఒక తాటిపండు, ఒక పందిరి, ఒక గంజి గుంట, బందిఖానా గోడ మీద చెక్కిన బొమ్మలు, ఇంట్లో మాట్లాడుకునే మాటలతో కట్టిన పాటలు. పెద్ద ముక్కల కంటే ఇవే మన ఇళ్లకు దగ్గరగా ఉంటాయి. చదివి చూడండి.

మేనమామల మేనల్లుడు

కథ నేలకొండపల్లిలో మొదలవుతుంది. ఖమ్మం నుంచి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరం. భద్రాచలానికి ఇది ఎదురు దిక్కు కాబట్టి తెల్లవారకముందే బయల్దేరాలి, లేదంటే మరో ఆదివారం పూటకు విడిగా పెట్టుకోండి. ఊళ్లో రామదాసు ధ్యానమందిరం ఉంది. ఊరి దగ్గరే పాత బౌద్ధ స్తూపం కూడా ఉంది. రెండూ చూసి మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరుకోవచ్చు.

1620 ప్రాంతంలో లింగన్న, కామాంబ దంపతులకు గోపన్న ఇక్కడే పుట్టాడని చెబుతారు. మేనమామలు అక్కన్న, మాదన్న. గోల్కొండ చివరి సుల్తాను అబుల్ హసన్ తానీషా కొలువులో చక్రం తిప్పిన అన్నదమ్ములు వాళ్లు. మాదన్న ఆ రాజ్యానికి ప్రధానమంత్రి. అలాంటి మేనమామలు ఉన్న పిల్లవాడి భవిష్యత్తు గురించి ఆ ఇంట్లో ఎన్ని ఆశలు ఉండి ఉంటాయో మీకు వేరే చెప్పనక్కర్లేదు. ఆశలకు తగ్గట్టే గోపన్నకు పాల్వంచ పరగణా తహసీల్దారు ఉద్యోగం వచ్చింది. రైతుల దగ్గర శిస్తు వసూలు చేసి గోల్కొండ ఖజానాకు పంపడం ఆయన పని. చేతిలో అధికారం, వెనక అండ, ఎదురుగా అడవి.

ఇప్పుడు మనం కూడా బండిని ఆ అడవి వైపు తిప్పుదాం. ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం సుమారు 120 కిలోమీటర్లు. వీలుంటే పాల్వంచ దగ్గర కిన్నెరసాని జలాశయం వద్ద కాసేపు ఆగండి. అక్కడ జింకలను చూసి చిన్నపిల్లలు సంబరపడతారు. తర్వాత కిటికీ అద్దాలు దించి, ఫోన్లు పక్కన పెట్టించి, టేకు ఏదో, ఇప్ప ఏదో, తునికి ఏదో ఎవరు ముందు పోలుస్తారో పందెం పెట్టండి. మీరే ఓడిపోవచ్చు, సిద్ధంగా ఉండండి. ఎండాకాలం అయితే దారిపక్కన ముంజలు దొరుకుతాయి. వానలు వెనకబట్టే రోజుల్లో అయితే సీతాఫలాలు. అంతకు కాస్త ముందు వెళ్తే బాగా పండి నేలరాలిన తాటిపండ్లు కనిపిస్తాయి. ఆ తాటిపండు దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. గోపన్న జీవితం మలుపు తిరిగింది దాని దగ్గరే.

దమ్మక్క పందిరి

గోపన్న తహసీల్దారుగా రాకముందే గోదావరి ఒడ్డున భద్రిరెడ్డిపాలెంలో పోకల దమ్మక్క అనే గిరిజన స్త్రీ ఉండేదని భద్రాచలం స్థలపురాణం చెబుతుంది. ఆమెకు కలలో రాముడు కనిపించి, తాను కొండ మీద పుట్టలో ఉన్నానని చెప్పాడట. మర్నాడు వెళ్లి చూస్తే పుట్ట కనిపించింది. ఆమె పుట్టను గునపంతో తవ్వలేదు. గోదావరి నుంచి కుండలతో నీళ్లు మోసుకొచ్చి, పోసి, మట్టి తానే కరిగేదాకా ఓపిక పట్టింది. వేల కుండలని చెబుతారు. విగ్రహాలు బయటపడ్డాక ఊరివాళ్ల సాయంతో మీద ఒక పందిరి వేసింది. పళ్లెం, పిండివంటలు ఆమె దగ్గర ఏమున్నాయి? అడవిలో దొరికిన తాటిపండు తెచ్చి నైవేద్యం పెట్టేది. పువ్వులు కోసుకొచ్చేది. రోజూ ఇదే పని.

ఇక్కడ పిల్లలను ఒక ప్రశ్న అడగండి. రోజూ అదే కొండ ఎక్కి, అదే పండు పెట్టిన దమ్మక్కకు విసుగు వచ్చి ఉంటుందా? మా దగ్గర ఒక తరగతిలో ఈ ప్రశ్న వేస్తే, ఆమెకు రోజూ వెళ్లడానికి ఒక చోటు ఉంది కదా టీచర్ అని ఒక పాప జవాబు చెప్పింది. అంతకంటే మంచి జవాబు మాకు తట్టలేదు.

తహసీల్దారు గోపన్న ఆ కొండకు వచ్చేసరికి రాముడు ఆలనాపాలనా లేకుండా ఉన్నాడు. చూసి మనసు ఆగలేదు. గుడి కట్టాలనుకున్నాడు. ప్రజలు చందాలు ఇచ్చారు. అవి చాలలేదు. అప్పుడు ఖజానాకు పంపాల్సిన శిస్తు సొమ్మును గుడికి ఖర్చు పెట్టాడు. ఆరు లక్షల వరహాలని చెబుతారు. పై నుంచి అనుమతి లేదు. ఈ మాట పిల్లలకు దాచకుండా చెప్పండి. మంచి పనికే అయినా, చేతికిచ్చిన సొమ్ము తనది కాదు. ఆ లెక్క ఆయన్ను తర్వాత వెతుక్కుంటూ వచ్చింది.

గంజి గుంట

గుడి లేచింది. ప్రాకారం, మండపం, గోపురం వచ్చాయి. సీతమ్మకు చింతాకు పతకం, లక్ష్మణుడికి ముత్యాల పతకం, భరతుడికి పచ్చల పతకం, శత్రుఘ్నుడికి బంగారు మొలతాడు, రాముడికి కలికితురాయి చేయించాడు. ఇంట్లో ఒక్కరినీ మర్చిపోకుండా పండక్కి బట్టలు కొన్నట్టు చేయించిన జాబితా ఇది.

ఆ సంబరాల రోజుల్లోనే జరిగిందని ఒక కథ చెప్పుకుంటారు. శ్రీరామనవమికి పెద్ద సంతర్పణ. వందల మందికి అన్నం ఉడుకుతోంది. వార్చిన గంజి ఒక గుంటలోకి పారుతోంది. ఎవరి పనిలో వాళ్లు తలమునకలై ఉండగా గోపన్న, కమలమ్మల చిన్నకొడుకు ఆడుకుంటూ వెళ్లి ఆ గంజి గుంటలో పడ్డాడు. ఎప్పటికో గాని ఎవరూ చూడలేదు. తండ్రి బిడ్డను ఒడిలో పెట్టుకుని రాముణ్ణి మొరపెట్టుకుంటే బిడ్డ మళ్లీ లేచాడని కథ.

ఇది జరిగిందా లేదా అన్న వాదన మనకెందుకు? తరతరాలుగా ఈ కథ చెప్పుకున్న అమ్మలు, నాన్నలు ఎందుకు చెప్పుకున్నారో ఆలోచించండి. ఎంత మంచి పనిలో ఉన్నా, ఎంత పెద్ద బాధ్యత నెత్తిన ఉన్నా, పక్కనే ఆడుకుంటున్న బిడ్డ మీద నుంచి చూపు తప్పే క్షణం ఉంటుందని వాళ్లకు తెలుసు. మనకూ తెలుసు. ఫీజులకు, ఇంటి వాయిదాలకు, పిల్లల రేపటి కోసమే మనం పరుగెడతాం. ఆ పరుగులో ఈ రోజు సాయంత్రం పిల్లవాడు ఏం చెప్పబోయాడో వినకుండానే నిద్రపోతాం. గోపన్నకు దొరికిన రెండో అవకాశం కథల్లోనే దొరుకుతుంది.

గోడ, వెలుతురు, మాట

లెక్క తేలలేదు. తానీషా మనుషులు వచ్చి గోపన్నను గోల్కొండకు పట్టుకెళ్లారు. పన్నెండేళ్ల చెర. మీ పిల్లలు గోల్కొండ కోట చూసి ఉంటే రామదాసు బందిఖానా వాళ్లకు గుర్తుండే ఉంటుంది. రాతి గోడలు, పై నుంచి పడే కాస్త వెలుతురు. గోడ మీద సీతారామలక్ష్మణులు, హనుమంతుడి బొమ్మలు ఆయనే చెక్కాడని చెబుతారు.

ఒక్కసారి ఆయన పరిస్థితి ఊహించండి. ఉద్యోగం పోయింది. కట్టించిన గుడి కళ్లముందు లేదు. చేయించిన నగలు ఎక్కడో కొండ మీద ఉన్నాయి. పిల్లల మార్కులు ఒక్క పరీక్షలో తగ్గితేనే ఇల్లంతా మూగబోయే రోజుల్లో మనం ఉన్నాం. ఆయనకు పన్నెండేళ్లు ఏ ఫలితమూ రాలేదు. చివరికి ఆయన దగ్గర మిగిలింది గోడ, వెలుతురు, తెలుగు మాట. వాటితోనే రోజు గడిపాడు. బొమ్మ గీశాడు. పాట కట్టాడు.

ఆ పాటలు వినండి. అందులో పెద్ద పండితుల భాష తక్కువ. ఒక పాటలో రాముణ్ణి నిలదీస్తాడు. ఏ నగకు ఎంత ఖర్చయిందో లెక్క చెబుతాడు. ఇదంతా మీ నాన్న పంపాడా, మీ మామ పెట్టాడా అని దులిపేస్తాడు. మరుక్షణమే, తిట్టానని నొచ్చుకోకు, ఈ దెబ్బలు ఓర్చుకోలేక అన్నాను అని బతిమాలుకుంటాడు. మన ఇళ్లలో పొద్దున అరిచి సాయంత్రం బుజ్జగించినట్టే ఉంటుంది. ఇంకో పాటలో సీతమ్మను సిఫారసు అడుగుతాడు. ఆయన ఏకాంతంలో ఉన్న వేళ చూసి నా సంగతి చెప్పమ్మా అంటాడు. నాన్న దగ్గర పని కావాలంటే ముందు అమ్మ చెవిన వేయాలని మన పిల్లలకు ఎవరు నేర్పారు?

దాశరథి శతకం కూడా ఆయనదే. ఆ పద్యాలు తెలుగు పిల్లల నోట ఇప్పటికీ పలుకుతూనే ఉన్నాయి. తర్వాతి కాలంలో ఎక్కడో తిరువాయూరులో ఉన్న త్యాగరాజస్వామి తన కీర్తనల్లో రామదాసును తలుచుకున్నాడు. మన కాలంలో మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు ఆ కీర్తనలను ఇంటింటికీ చేర్చారు.

విడుదల కథ అందరికీ తెలిసిందే. రామోజీ, లక్ష్మోజీ అనే ఇద్దరు యువకులు రాత్రివేళ తానీషా దగ్గరకు వచ్చి ఆరు లక్షలూ చెల్లించి రసీదు తీసుకున్నారని, వచ్చింది రామలక్ష్మణులేనని సుల్తాను గ్రహించాడని చెబుతారు. తానీషా మొదలుపెట్టినదని చెప్పే ముత్యాల తలంబ్రాల ఆనవాయితీ ఇప్పటికీ ఉంది. ప్రతి శ్రీరామనవమికి ప్రభుత్వం తరఫున ముత్యాల తలంబ్రాలు, పట్టువస్త్రాలు వస్తాయి. 1687లో ఔరంగజేబు సేనల చేతిలో గోల్కొండ పడిపోయింది. సుల్తాను పోయాడు, ఖజానా పోయింది. చెరలో పుట్టిన పాటలు మాత్రం ఈ రోజుకీ ఉన్నాయి.

ఇంటికి ఏం తెచ్చుకోవాలి?

సారపాక దాటగానే గోదావరి వంతెన వస్తుంది. 1965లో ఈ వంతెన ప్రారంభం కాకముందు భక్తులు పడవల్లో అవతలికి వెళ్లేవాళ్లు. దర్శనం అయ్యాక వెంటనే బండి ఎక్కకండి. స్నానఘట్టం మెట్ల మీద ఓ అరగంట కూర్చోండి. నీళ్లలోకి దిగేటప్పుడు పిల్లల చెయ్యి పట్టుకోండి. దమ్మక్క కుండ ముంచింది ఈ నీళ్లలోనే అని చెప్పండి. మీకు వచ్చిన రామదాసు పాట ఒకటి, గొంతు ఎలా ఉన్నా సరే, పాడండి. పిల్లలు నవ్వుతారు. నవ్వనివ్వండి.

తాటిపండ్ల కాలమైతే ఒక పండు ఇంటికి తెచ్చుకోండి. గుజ్జు పిల్లలతో తినిపించండి. మూతి, చొక్కా పసుపచ్చగా అవుతాయి, ఆ ఒక్క రోజుకు కోప్పడకండి. లోపల రెండో మూడో టెంకలు ఉంటాయి. పెరట్లోనో, మేడ మీద లోతైన పాత బకెట్‌లోనో ఇసుక కలిపిన మట్టి పోసి వాటిని పాతిపెట్టండి. అప్పుడప్పుడూ తడి చూసే పని పిల్లలకు అప్పగించండి. చాలా రోజులు పైకి ఏమీ కనిపించదు. ఏమీ రావట్లేదని వాళ్లు మీ దగ్గరకు ఫిర్యాదుకు వస్తారు. అప్పుడు పన్నెండేళ్ల సంగతి గుర్తుచేయండి.

భాద్రపదంలో పాతితే సంక్రాంతి దగ్గరికి తేగలు తయారవుతాయి. వాటిని తవ్వే రోజున మీరు ఇంట్లో ఉండండి. తేగలు కాల్చి ఉప్పు అద్దుకుని తినండి. టెంక పగలగొడితే లోపల ఉండే తియ్యటి తెల్లటి గుంజు కోసం పిల్లలు తగువులాడుకుంటారు. పంచిపెట్టే పని మీది.