పెరుగులో ఆరోగ్యాన్ని వెదికిన మెచ్నికోవ్

విశాఖ ఓడరేవుకో, ఉక్కు కర్మాగారానికో పనికి వెళ్లేవారి క్యారేజీలో పెరుగన్నం మామూలే. మన పల్లెల్లో రాత్రి పాలు తోడు పెట్టని ఇల్లు అరుదు. ఆ తోడులోని కంటికి కనిపించని జీవులు మనిషికి మేలు చేయగలవని నూరేళ్ల కిందటే చాటిన శాస్త్రవేత్త ఇల్యా మెచ్నికోవ్.

ఆయన 1845లో, నేటి ఉక్రెయిన్‌లోని ఖార్కోవ్ ప్రాంతంలో ఒక పల్లెలో జన్మించారు. 1869లో లుద్మిలను వివాహమాడారు. క్షయతో నీరసించిన ఆమెను పెళ్లికి కుర్చీలో కూర్చోబెట్టి మోసుకురావలసి వచ్చింది. ఎంత ప్రయత్నించినా 1873లో ఆమె కన్నుమూశారు. ఆ దుఃఖంలో ప్రాణం తీసుకోబోయిన మెచ్నికోవ్ అదృష్టవశాత్తు బతికారు.

1882లో ఇటలీలోని మెస్సీనాలో ఆయన నక్షత్రచేప పిల్లల ఒంట్లో గులాబీ ముళ్లు గుచ్చారు. మరునాటికి ముల్లు చుట్టూ కణాలు మూగి ఉన్నాయి. మన రక్తంలోని తెల్లకణాలు కూడా ఇలాగే రోగక్రిములను చుట్టుముట్టి మింగివేస్తాయని ఆయన వాదించారు. చాలామంది ఒప్పుకోలేదు. 1888లో పారిస్ చేరి, పాశ్చర్ సంస్థలో పరిశోధన సాగించారు. 1908లో పాల్ ఎర్లిక్‌తో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నారు.

బల్గేరియా పల్లెల్లో పెరుగు తినేవారు ఎక్కువ కాలం బతుకుతున్నారన్న మాట ఆయనను ఆకర్షించింది. పేగుల్లోని చెడు క్రిములను పెరుగులోని మంచి క్రిములు అణచివేస్తాయని నమ్మి, తానూ రోజూ పులిసిన పాలు తాగారు. అయినా 1916లో, 71వ ఏట గుండెజబ్బుతో మరణించారు. పెరుగు క్రిములు పేగుల్లో స్థిరంగా నిలవవని తరువాత తేలింది.

అయినా ఆ ఆలోచన వృథా కాలేదు. రోగనిరోధక కణాల్లో పెద్ద భాగం పేగుల్లోనే ఉంటుందనీ, అక్కడి క్రిములు వాటిని మేల్కొలుపుతాయనీ నేడు తెలుసు. పొరుగున ఒడిశా పల్లెల్లో నాలుగున్నర వేలకు పైగా నవజాత శిశువులపై ఒక పరీక్ష జరిగింది. తల్లిపాలు తాగే బిడ్డల్లో కొందరికి వారం రోజులు మేలుచేసే బాక్టీరియాను ఒక రకం చక్కెరతో కలిపి ఇచ్చారు. మందులేని పొడి పుచ్చుకున్న మిగతా బిడ్డలతో పోలిస్తే వీరిలో ప్రాణాంతకమైన సెప్సిస్ జబ్బు, మరణాలు కలిపి 40 శాతం తగ్గాయని 2017లో ప్రకటించారు.

అది డాక్టర్ల పర్యవేక్షణలో ఇచ్చిన మందు. పసికందుకు ఇంట్లో పెరుగు నాకిస్తే దానికి సాటిరాదు. తొలి ఆరు నెలలు తల్లిపాలే శ్రేష్ఠం. బిడ్డ పాలు తాగకపోయినా, ఒళ్లు కాలినా, చల్లబడినా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.