మందు కనిపెట్టింది భీమవరం బిడ్డ.. అందని పిల్లలు ఇంకా ఎందరో

భీమవరం: రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లలకు ఇవాళ ప్రపంచమంతా ఇచ్చే మందుల్లో మెథోట్రెక్సేట్ ఒకటి. దాని వెనకున్నది మన గోదావరి బిడ్డ, డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఇంట్లో డబ్బుకు కటకట. మెట్రిక్ మూడోసారికి గానీ పాసవ్వలేదు. ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే పేగుల జబ్బుతో కొద్ది రోజుల తేడాలోనే పోయారు. అప్పట్లో దానికి సరైన మందే లేదు.

మద్రాసు మెడికల్ కాలేజీలో గాంధీజీ పిలుపు విని ఖద్దరు కట్టారు. ఇంగ్లీషు ప్రొఫెసర్‌కు అది గిట్టలేదు. చివరికి ఎంబీబీఎస్‌కు బదులు ఎల్ఎంఎస్ సర్టిఫికెట్టే చేతికొచ్చింది.

మామగారి సాయంతో, దాతల డబ్బుతో అమెరికా వెళ్లారు. ఆ తర్వాత ఇక్కడ పుట్టిన కొడుకు ఏడాది నిండకుండానే జబ్బు చేసి పోయాడు. తండ్రి ఆ బిడ్డ మొహం చూడనే లేదు. మళ్లీ ఈ గడ్డ మీద అడుగూ పెట్టలేదు.

బోస్టన్‌లో పొట్టకూటికి రాత్రిళ్లు దవాఖానాలో రోగుల మలమూత్రాలు ఎత్తారు. పగలు హార్వర్డ్‌లో పరిశోధన. గుండెతో సహా ప్రతి కండరానికీ శక్తినిచ్చే ఏటీపీని ఫిస్కేతో కలిసి గుర్తించారు. అయినా హార్వర్డ్ పర్మనెంట్ ఉద్యోగం ఇవ్వలేదు.

1940లో లెడర్లీ కంపెనీలో చేరారు. ఆయన బృందం తయారుచేసిన ఫోలిక్ యాసిడ్ స్ప్రూ జబ్బుకే మందయింది. వాళ్లే చేసిన అమినోప్టెరిన్‌ను బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో డాక్టర్ ఫార్బర్ వాడితే, రక్త క్యాన్సర్ పిల్లలు కొందరు తాత్కాలికంగానైనా కోలుకున్నారు. దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్. గోదావరి జిల్లాల్లో బోదకాలుకు ఇంటింటికీ పంచిన డీఈసీ మాత్ర కూడా ఆయన బృందం పుణ్యమే. 1948 ఆగస్టులో న్యూయార్క్‌లో గుండెపోటుతో కన్నుమూశారు. వయసు 53.

ఇప్పుడు మందుంది, ధర కూడా మరీ ఎక్కువేం కాదు. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క చూడండి. డబ్బున్న దేశాల్లో క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో 80 శాతానికి పైగా బాగవుతుంటే, చాలా పేద దేశాల్లో 30 శాతం కూడా బతకడం లేదు. జబ్బును ఆలస్యంగా గుర్తించడం, దూరాభారం, ఖర్చు భరించలేక వైద్యం మధ్యలో మానేయడం.. ఇవే కారణాలు. పిల్లల గుండె ఆపరేషన్లదీ ఇదే కథ.

సుబ్బారావు గారి ఇంట్లో ప్రాణాలు పోయింది మందు లేక. ఇవాళ పోతున్నవి మందు ఉండీ అందక. మొదటి కొరత తీర్చడానికి ఆయన జీవితమే ధారపోశారు. రెండోది తీర్చాల్సింది సర్కారు, సమాజమే.