తమ సంకెళ్లు తామే విప్పుకొనిన వీరేశలింగము పంతులుగారు

కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1848 ఏప్రిల్ 16వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి. నాలుగవ యేటనే తండ్రి గతించెను. పసితనము నుండియు దగ్గు, ఉబ్బసము వారిని వీడలేదు. దేహబలము లేని యా బాలునకు బుద్ధిబలమే పెట్టుబడి యయ్యెను.

అయితే యా బుద్ధియే మొదట పెడత్రోవ పట్టినది. యౌవనమున వారు శుద్ధాంధ్ర నిరోష్ఠ్య నిర్వచన నైషధమును రచించిరి. అందు సంస్కృతపదము చొరరాదు, పెదవులు తగులు నక్షరము రారాదు, నడుమ వచనముండరాదు. నాయిక దమయంతి పేరులో మకార మున్నది కావున, నియమమును బట్టి యామెను పేరుపెట్టి పిలుచుటకైనను వీలులేదు. ఇన్ని సంకెళ్లను తమ కలమునకు తామే తగిలించుకొని కావ్యమును గట్టెక్కించిరి. అందలి శ్రమను గుర్తింపగలవారు పండితులే గాని, చదివి యానందింపగల సామాన్యుడు లేడు.

1874లో వివేకవర్ధని పత్రికను స్థాపించిరి. లంచగొండులను, దురాచారములను ఖండించుట దాని పని. తొలి సంచికలలో భాష మిక్కిలి ప్రౌఢము. కాని చదువరికి బోధపడని మందలింపు ఎవరిని మార్చును? పంతులుగారు పట్టుదల విడిచి, దీర్ఘసమాసములను తగ్గించి, శైలిని క్రమముగా సులభము చేసిరి. అప్పుడు వారి సహజబలము బయటపడెను: సూటియైన మాట, చురుకైన హాస్యము, వెరపులేని మనస్సు. బ్రాహ్మవివాహమున ముసలివరుల పెండ్లిండ్లను, వ్యవహారధర్మబోధినిలో న్యాయవాదుల మోసములను, జనులు మాటలాడు భాషలోనే బట్టబయలు చేసిరి. 1878 నుండి రాజశేఖరచరిత్రము ఆ పత్రికలోనే వెలువడసాగెను. ఇట్లు జనులకు చేరువైన మాటయే వితంతువుల పక్షమున నిలిచెను. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహమును జరిపించిరి.

జీవితాంతమున, 1919లో, వ్యావహారికభాషా సమాజమునకు అధ్యక్షత వహించిరి. ఆ యేటనే మే 27వ తేదీన చెన్నపట్టణమున పరమపదించిరి.

ఉబ్బసము విధి తెచ్చినది. దానిని వారు జీవితాంతము భరించిరి. కఠినశైలి తాము తెచ్చుకొనినది. దానిని తామే వదలించుకొనిరి. గ్రంథాలయమున పుస్తకము పట్టిన ప్రతి యువకుడును ఈ రెంటికి గల భేదమును గుర్తెరుగవలెను. తన కాలికి తాను కట్టుకొనిన త్రాటిని విప్పుటకు మరియొకరు రానక్కరలేదు.