తప్పు ఎవరిదన్న ప్రశ్నకు తానే ముందు నిలిచిన ధావన్

గోలేటి: గనిలో ప్రమాదం జరిగితే తప్పు యంత్రానిదా, మనిషిదా అన్న ప్రశ్న ముందుగా పుడుతుంది. 1979లో శ్రీహరికోటలోనూ అదే ప్రశ్న పుట్టింది. దానికి జవాబుదారీగా నిలిచిన పెద్దమనిషి సతీశ్ ధావన్.

ధావన్ 1920 సెప్టెంబరు 25న శ్రీనగర్‌లో జన్మించారు. లాహోరులో గణితం, ఇంగ్లీషు సాహిత్యం, ఇంజనీరింగు చదివారు. అమెరికాలో డాక్టరేటు పొంది, 1951లో బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సులో చేరారు. 1962లో దానికి డైరెక్టరయ్యారు. 1972లో ఇస్రో అధ్యక్ష బాధ్యత కూడా స్వీకరించారు.

1979 ఆగస్టు 10 ఉదయం 7.58 గంటలకు ఎస్.ఎల్.వి.-3 రాకెట్టు లేచింది. బరువు 17 టన్నులు. మొదటి దశ చక్కగా పనిచేసింది. రెండవ దశ అదుపు తప్పింది. బయలుదేరిన 317 సెకండ్లకే ప్రయోగం ముగిసి, రాకెట్టు బంగాళాఖాతంలో పడింది.

మరునాడే డెబ్బై మందికి పైగా శాస్త్రవేత్తలు కూర్చుని లోపాన్ని వెదికారు. రెండవ దశను దారిలో నిలిపేందుకు రెండు ద్రవాలు కలిసి మండాలి. వాటిలో ఒకటి నైట్రిక్ ఆమ్లం. దాని వాల్వులో మలినం చేరడంతో అది పూర్తిగా మూసుకోలేదు. ఆమ్లం ముందే కారిపోయింది. అవసరం వచ్చేసరికి ఇంధనం ఒక్కటే వెలువడింది, బలం పుట్టలేదు.

అయితే తప్పు వాల్వుదేనా? ప్రయోగానికి ముందు కంప్యూటరు ఆగమని సూచించిందని, నిపుణుల సలహాపై తాను ముందుకు సాగానని ప్రాజెక్టు డైరెక్టరు అబ్దుల్ కలాం అనంతర కాలంలో చెప్పుకున్నారు. వాల్వు లోపం వేరు, ఆ హెచ్చరికను దాటిన నిర్ణయం వేరు.

ఆనాడు పత్రికల వారి ముందుకు కలాంను ధావన్ పంపలేదు. తానే వెళ్లి, వైఫల్యానికి బాధ్యత తనదని ఒప్పుకున్నారు. తన బృందంపై నమ్మకం ఉందని, మళ్లీ ప్రయత్నిస్తామని తెలిపారు.

1980 జూలై 18న అదే రకం రాకెట్టు రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో చేర్చింది. ఈసారి విలేఖరుల ముందుకు వెళ్లమని ధావన్ కలాంకే చెప్పి, తాను పక్కకు తప్పుకున్నారు.

1984 వరకు ఇస్రోను నడిపిన ధావన్ 2002 జనవరి 3న బెంగుళూరులో కన్నుమూశారు. అదే ఏడాది శ్రీహరికోట కేంద్రానికి ఆయన పేరు పెట్టారు.